పనివాడు చేసిన తప్పుకు లీజులో జవాబుదారు ఎవరు?

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక కాంప్లెక్సు. అందులో మొదటి అంతస్తు లీజుకు తీసుకుని నడుపుతున్న బట్టల షాపు ఉందనుకుందాం. రాత్రి షట్టర్ దించే హడావిడిలో షాపు కుర్రాడు ఇస్త్రీ పెట్టె స్విచ్ ఆపడం మర్చిపోయాడు. తెల్లారేసరికి ఫాల్స్ సీలింగ్ కాలి కిందపడింది, గోడలు మసిబారాయి, ఫైరింజన్ కొట్టిన నీళ్లు కింద ఉన్న మందుల షాపులోకి దిగాయి. భవనం ఓనర్ రిపేరు ఖర్చు అడిగితే వ్యాపారి అనే మొదటి మాట ఇలా ఉంటుంది: “నేను చేశానా అండీ? పనివాడు చేశాడు. వాణ్ని అప్పుడే మాన్పించేశాను.”

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కానీ అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది మూడు వేరువేరు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. నష్టం డబ్బు ఎవరు కట్టాలి? ఆ ఒక్క తప్పుకు లీజు రద్దు చేసి ఖాళీ చేయించవచ్చా? క్రిమినల్ కేసు పడితే అది వ్యాపారి దాకా వస్తుందా? ఓనర్లూ అద్దెదారులూ ఈ మూడింటినీ ఒకే గొడవగా కలిపేసి మాట్లాడతారు. చట్టం మాత్రం మూడింటికీ మూడు రకాల జవాబులు చెబుతుంది.

ముందు డబ్బు సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఓనరుకూ లీజుదారుకూ ఉండే హక్కులు, బాధ్యతల పట్టిక ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే అదే వర్తిస్తుంది. అందులోని ‘ఎం’ క్లాజు ప్రకారం లీజుదారు ఆ చోటును తను తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే కాపాడాలి, గడువు ముగిశాక అలాగే అప్పగించాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకూ, మనిషి ఆపలేని విపత్తుకూ మాత్రమే మినహాయింపు. ఓనర్ వచ్చి చూసుకుని, ఫలానా లోపం ఉందని నోటీసు ఇస్తే, ఆ లోపం లీజుదారు వల్ల గానీ, అతని పనివాళ్ల వల్ల గానీ, ఏజెంట్ల వల్ల గానీ వచ్చిందైతే మూడు నెలల్లో బాగుచేయించాలి. పనివాళ్ల ప్రస్తావన చట్టంలోనే ఉంది. దాని కోసం ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకోవాల్సిన పని కూడా లేదు.

ఇక్కడ ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి. కుర్రాడి తప్పును తెచ్చి వ్యాపారి నెత్తిన రుద్దడం కాదిది. తీసుకున్న చోటును తీసుకున్నట్టే తిరిగి ఇస్తానన్నది వ్యాపారి సొంతంగా ఇచ్చిన మాట. ఎవరి చేతి మీదుగా చెడినా, మాట తప్పింది ఆయనే అవుతాడు. అందుకే ఓనరుకూ లీజుదారుకూ మధ్య లెక్కలో “పనివాడు చేశాడు” అన్న జవాబుకు విలువ లేదు. పనివాణ్ని మాన్పించినంత మాత్రాన ఆ బాకీ తీరదు. అదే సెక్షన్‌లోని ‘ఇ’ క్లాజు అగ్నిప్రమాదం లాంటి వాటిలో చోటు వాడుకోవడానికి వీల్లేకుండా పోతే లీజు నుంచి బయటపడే అవకాశాన్ని లీజుదారుకు ఇస్తుంది గానీ, ఆ నష్టం అతని తప్పిదం వల్లే జరిగిందని తేలితే ఆ దారి కూడా మూసేస్తుంది.

మందుల షాపు వ్యవహారం వేరు

కింది అంతస్తులోని మందుల షాపు పరిస్థితి ఇలా ఉండదు. అతనికీ బట్టల షాపుకూ మధ్య ఏ ఒప్పందమూ లేదు. ఇద్దరూ ఒకే ఓనరుకు అద్దె కడుతున్నారంతే. లీజు డీడ్‌లో బట్టల షాపు ఓనరుకు ఇచ్చిన హామీని పట్టుకుని మందుల షాపు దావా వేయలేదు. అతను వెళ్లాల్సింది సివిల్ తప్పిదాల చట్టం దారిలో, అంటే లాయర్లు వైకేరియస్ లయబిలిటీ అనే సూత్రం కింద. ఉద్యోగి తన పనిలో భాగంగా చేసిన తప్పుకు యజమాని కూడా బాధ్యుడన్నది ఆ సూత్రం. ‘పనిలో భాగంగా’ అన్న షరతు మీదే కేసులన్నీ గెలవడం, ఓడడం జరుగుతుంది.

ఇస్త్రీ పెట్టె కేసులో ఆ షరతు తేలిగ్గానే నెగ్గుతుంది. బట్టలు ఇస్త్రీ చేయడం, షట్టర్ వేయడం కుర్రాడి పనే. బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1942లో తేల్చిన ఒక కేసులో పెట్రోలు ట్యాంకర్ డ్రైవరు గ్యారేజీలో పెట్రోలు దించుతూ సిగరెట్ వెలిగించి, అగ్గిపుల్ల కింద పడేశాడు. సిగరెట్ కాల్చుకోవడం అతని సొంత సరదా, అందులో యజమానికి వచ్చే లాభమేమీ లేదు. అయినా ఆ సరదా తీర్చుకున్నది పెట్రోలు దించే పని మధ్యలోనే కాబట్టి యజమానే బాధ్యుడన్నారు. మన కోర్టుల్లోనూ ఈ తీర్పు మాట తరచూ వస్తుంది.

రెండో వైపు చూపే తీర్పులు మన సుప్రీంకోర్టువే రెండున్నాయి. 1966లో ఒక టాక్సీ యజమాని బండిని డ్రైవరుకు అప్పగిస్తే, డ్రైవరు దాన్ని క్లీనరుకు ఇచ్చి డ్రైవింగ్ లైసెన్సు టెస్టుకు పంపాడు. ఆ టెస్టులో జరిగిన ప్రమాదానికి యజమాని బాధ్యుడు కాడని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు, ఎందుకంటే క్లీనరుకు లైసెన్సు ఇప్పించడం యజమాని వ్యాపారంలో భాగం కాదు. 1978లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ శ్యామాదేవి కేసులో ఖాతాదారు తరఫువాళ్లు డబ్బును కౌంటర్లో కట్టకుండా, ఇరుగుపొరుగు పరిచయం ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి చేతికిచ్చారు. అతను కాజేశాడు. డబ్బు ఇచ్చింది స్నేహితుడనే నమ్మకంతో, బ్యాంకు ఉద్యోగిగా అతని డ్యూటీలో కాదు కాబట్టి బ్యాంకు కట్టక్కర్లేదని కోర్టు తేల్చింది.

ఈ గీతను కాంప్లెక్సుకు తెచ్చి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. బట్టల షాపు సేల్స్‌మన్ రాత్రి పూట తిరిగొచ్చి మందుల షాపు తాళం పగలగొట్టి గల్లాపెట్టె ఎత్తుకెళ్తే, ఆ దొంగతనానికీ బట్టలమ్మే పనికీ సంబంధం లేదు. వ్యాపారి మీద నష్టపరిహారం రాబట్టడం దాదాపు జరగని పని. అదే ఆ కాంప్లెక్సు మెయింటెనెన్స్, కాపలా చూసుకునే సంస్థ మనిషి, డ్యూటీ కోసం తనకిచ్చిన తాళంచెవులతోనే అదే దొంగతనం చేస్తే వాదన పూర్తిగా మారిపోతుంది. కాపలా కాయమని నమ్మి అప్పగించిన పనినే అతను దొంగతనానికి వాడుకున్నాడు. ఉద్యోగం అవకాశం ఇచ్చినంత మాత్రాన యజమాని ఇరుక్కోడు. ఏ బాధ్యత అప్పగించారో ఆ బాధ్యతలోనే ద్రోహం జరిగితే మాత్రం ఇరుక్కుంటాడు.

ఇక డెలివరీ బాయ్స్, సెక్యూరిటీ ఏజెన్సీ గార్డులు, ఏసీ మెకానిక్కులు. వీళ్లు మామూలుగా లీజుదారు ఉద్యోగులు కారు. ఆన్‌లైన్ ఆర్డర్లకు వండి పంపే కిచెన్ ముందు రోజంతా బైకులు అడ్డంగా పెట్టి, లిఫ్టు తలుపు తన్ని పాడుచేసే డెలివరీ కుర్రాళ్ల విషయంలో ‘పనివాళ్లు, ఏజెంట్లు’ అన్న చట్టం మాట సరిపోతుందా అన్నది గట్టి వాదనకే దారితీస్తుంది. అందుకే పెద్ద కంపెనీల లీజు డీడ్‌లలో ఉద్యోగులు, కాంట్రాక్టర్లు, వచ్చిపోయేవాళ్లు అని మూడు మాటలూ రాస్తారు. ఓనరు వైపు నుంచి చూస్తే అది తెలివైన పని. లీజుదారు మాత్రం ‘వచ్చిపోయేవాళ్లు’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించుకోవాలి. ముక్కూమొహం తెలియని కస్టమర్ చేసిన పనికి కూడా పూచీ పడుతున్నట్టే లెక్క.

ఖాళీ చేయించడం అంత తేలిక కాదు

నష్టం కట్టించుకోవడం ఒక ఎత్తు, లీజునే తెంచేయడం మరో ఎత్తు. ఒప్పందంలోని ఒక స్పష్టమైన షరతును లీజుదారు మీరితే, అలా మీరితే చోటు వెనక్కి తీసుకుంటానని కూడా ఆ ఒప్పందంలోనే రాసి ఉంటే, 111వ సెక్షన్ ‘జి’ క్లాజు ప్రకారం ఓనర్ రాతపూర్వక నోటీసు ఇచ్చి లీజును రద్దు చేయవచ్చు. షరతు ఉండి, వెనక్కి తీసుకునే హక్కు రాయకపోతే ఈ దారి లేదు, నష్టపరిహారమే గతి. చాలా డీడ్‌లు ఇక్కడే దెబ్బతింటాయి.

హక్కు రాసి ఉన్నా 114ఎ సెక్షన్ ఒక అడ్డుకట్ట వేస్తుంది. తప్పు సరిదిద్దుకోగలిగినదైతే ఏ షరతు మీరారో చెప్పి, సరిదిద్దుకోమని నోటీసు ఇచ్చి, తగినంత సమయం ఇచ్చాకే ఖాళీ చేయించే దావా వేయాలి. మెట్ల మీద తాగి గొడవ చేసిన వర్కర్‌ను మాన్పించి, పగిలిన అద్దం కొత్తది వేయిస్తే చాలా సందర్భాల్లో తప్పు సరిదిద్దినట్టే. ఇందాక డబ్బు లెక్కలో పనికిరాని “మాన్పించేశాను” అన్న మాట ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

అయితే ఈ రక్షణ అన్ని తప్పులకూ వర్తించదు. చోటును వేరేవాళ్లకు ఇవ్వకూడదన్న షరతు మీరితే సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాల్సిన పని ఓనరుకు లేదు. బ్రాంచి మేనేజరు హెడ్డాఫీసుకు చెప్పకుండా షాపులో ఒక మూల జెరాక్స్ మెషీన్ పెట్టుకోమని బావమరిదికి ఇచ్చి నెలనెలా డబ్బు జేబులో వేసుకోవడం ఊళ్లలో చూడని విషయం కాదు. యాజమాన్యం దృష్టిలో అది చిన్న కక్కుర్తి. లీజు దృష్టిలో చూస్తే, సిబ్బంది చేసే తప్పులన్నింటిలోనూ అతి ప్రమాదకరమైనది అదే. చోటు పూర్తి స్వాధీనం నిజంగా చేతులు మారిందా, లేక మామూలు అనుమతితో కూర్చున్నాడా అని వాదించుకోవచ్చు. కానీ ఆ వాదన మొదలయ్యేది కోర్టు మెట్లెక్కాకే.

ఓనర్లు చేసే పొరపాటు ఇంకొకటి. తప్పు జరిగిందని తెలిసీ, ఆ తర్వాతి నెలల అద్దె మామూలుగా తీసుకుంటూ పోతే 112వ సెక్షన్ ప్రకారం ఆ తప్పును మాఫీ చేసినట్టే లెక్క. దావా వేశాక తీసుకున్న అద్దెకు మాత్రం ఇది వర్తించదు.

“తెలియదు” అన్న మాట ఎన్నిసార్లు చెల్లుతుంది?

క్రిమినల్ కేసుల్లో మామూలు సూత్రం వేరు. ఎవరి నేరం వాళ్లదే. సిబ్బంది చాటుగా మత్తుమందు అమ్మితే, మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ చోటు యజమానినీ, ఆ చోటు చేతిలో ఉన్నవాళ్లనూ పట్టుకునేది తెలిసీ అనుమతించినప్పుడే. వ్యభిచారం జరుగుతోందని మసాజ్ సెంటర్లు, స్పాల మీద చేసే దాడుల్లో వాడే 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం కూడా తెలిసీ జరగనిచ్చిన లీజుదారునూ, తెలిసీ అద్దెకిచ్చిన ఓనర్‌నూ శిక్షిస్తుంది.

కానీ ఆ చట్టం 3వ సెక్షన్‌లో చాలామందికి తెలియని ఒక భాగం ఉంది. సోదాలో ఆ చోటు అలాంటి పనికి వాడుతున్నట్టు తేలిందని ఆ లీజుదారు లేదా ఓనర్ ఉండే ప్రాంతంలో చదివే పత్రికలో వార్త వచ్చినా, సోదాలో దొరికిన వస్తువుల జాబితా కాపీ చేతికిచ్చినా, అక్కడినుంచి ఆ మనిషికి విషయం తెలుసనే చట్టం అనుకుంటుంది. తెలియదని నిరూపించుకునే బరువు అతని మీదే పడుతుంది. మొదటిసారి “మా మేనేజరు చేశాడు, మాకు తెలియదు” అని బయటపడవచ్చు. వార్త వచ్చాక కూడా అదే మేనేజరును కొనసాగించినవాళ్లు, అదే లీజు కొనసాగించిన ఓనర్లు ఆ మాట రెండోసారి చెప్పలేరు. పైగా 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆ చోటును ఏడు రోజుల్లో ఖాళీ చేయించి, ఏడాదిపాటు తన అనుమతి లేకుండా వేరేవాళ్లకు అద్దెకివ్వకుండా కట్టడి చేయవచ్చు. పిల్లలు దొరికిన కేసుల్లో ఆ గడువు మూడేళ్లు. తప్పు చేసింది లీజుదారు సిబ్బంది అయినా అద్దె పోగొట్టుకునేది ఓనర్.

నిర్లక్ష్యం వల్ల ప్రాణాలు పోతే కేసు ఇంకా పైకి పాకుతుంది. 2017 డిసెంబరు 29 అర్ధరాత్రి ముంబై కమలా మిల్స్ కాంపౌండ్‌లో రెస్టారెంట్లలో చెలరేగిన మంటల్లో 14 మంది చనిపోయారు. హుక్కాల కోసం వాడిన బొగ్గుల నిప్పురవ్వల నుంచి మంటలు మొదలయ్యాయని అగ్నిమాపక శాఖ నివేదిక చెప్పింది. రెస్టారెంట్లు నడిపేవాళ్లతో పాటు, చోటు అద్దెకిచ్చిన కాంపౌండ్ యజమానుల్లో ఒకరినీ పోలీసులు అరెస్టు చేశారు. కేసు చివరికి ఎలా తేలుతుందన్నది వేరు సంగతి, నిప్పు పట్టుకున్న చేతికీ అద్దె తీసుకున్న చేతికీ మధ్య ఎంత దూరం ఉన్నా దర్యాప్తు ఆ దూరాన్ని ముందు ఒప్పుకోదు.

ఓనర్ మనుషులు తప్పు చేస్తే

ఇంతవరకు చూసిందంతా లీజుదారు సిబ్బంది గురించి. అద్దె కట్టేవాళ్లను బాధపెట్టే సిబ్బంది ఓనరుకూ ఉంటారు. అద్దె రెండు నెలలు ఆగిందని సూపర్‌వైజర్ వచ్చి షట్టర్‌కు ఇంకో తాళం వేసిపోతే “వాడు అత్యుత్సాహంతో చేశాడు” అని ఓనర్ తప్పించుకోలేడు. ఓనర్ లాభం కోసం, ఓనర్ పని మీద చేసినదే అది. అలా బలవంతంగా బయటకు నెట్టేసినవాళ్లు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి చోటు తిరిగి తీసుకోవచ్చు.

కాంప్లెక్సు సెక్యూరిటీ గార్డు షాపులో పనిచేసే అమ్మాయిని వేధిస్తే ఆ గార్డు తన ఉద్యోగి కాడు కదా అని షాపు యాజమాన్యం చేతులు దులుపుకోవడానికి లేదు. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పనిచోట ఎదురయ్యే బయటి మనుషుల నుంచి కూడా భద్రత కల్పించడం యాజమాన్యం బాధ్యత. తప్పు చేసింది బయటివాడైతే, ఆమె కోరుకుంటే అతని మీద కేసుకు చర్య మొదలుపెట్టాలి. కాబట్టి లీజు డీడ్‌లో, ఫిర్యాదు వచ్చిన గార్డును ఇన్ని రోజుల్లో మారుస్తామని ఓనర్ చేత రాయించుకోవడం అద్దె ఎంత అన్నదానికంటే తక్కువ విషయమేమీ కాదు. ఇది ఒప్పందాల్లో చాలా అరుదుగా కనిపించడం బాధాకరం.

చోటు ఇచ్చినవాళ్ల సిబ్బంది ద్రోహానికి లెక్క కట్టి మరీ జవాబు చెప్పిన ఒక ఒప్పందం దాదాపు ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. అదే బ్యాంకు లాకర్. లాకర్ విషయంలో తమకూ కస్టమరుకూ ఉన్నది ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకూ అద్దెకున్నవాళ్లకూ మధ్య ఉండే సంబంధమేనని, లోపల ఏముందో తమకు తెలియదు కాబట్టి పోతే బాధ్యత లేదని ప్రభుత్వరంగ బ్యాంకులు చాలాకాలం వాదించాయి. 2017లో సమాచార హక్కు దరఖాస్తుకు ఇచ్చిన జవాబుల్లోనూ అదే చెప్పాయి. 2021 ఫిబ్రవరిలో అమితాభ దాస్‌గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. అద్దె బాకీ లేకపోయినా కోల్‌కతాలో ఒక బ్యాంకు లాకర్ పగలగొట్టిన కేసు అది. 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్న కోర్టు, తప్పు చేసిన అధికారులు ఇంకా సర్వీసులో ఉంటే వాళ్ల జీతాల్లోంచి ఆ మొత్తం రాబట్టాలని, రిటైరైపోయి ఉంటే బ్యాంకే కట్టాలని చెప్పింది. ఆరు నెలల్లో నిబంధనలు తేవాలని రిజర్వు బ్యాంకును ఆదేశించింది.

ఆగస్టు 18న వచ్చిన ఆ నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడంతో పాటు ఉద్యోగుల మోసం వల్ల లాకర్‌లో సొత్తు పోయినా బ్యాంకు ఏడాది లాకర్ అద్దెకు వంద రెట్లు కట్టాలి. ఏడాదికి 4,000 రూపాయల అద్దె కట్టేవాళ్లకు ఇది 4 లక్షలు. పది తులాల బంగారం దాచుకున్నవాళ్లకు ఈ మొత్తం ఏ మూలకూ రాదు. సొంత ఉద్యోగే కాజేసిన చోట పరిమితి ఉండడం న్యాయంగా అనిపించదు. అయినా “ఉద్యోగి చేశాడు, బ్యాంకుకు సంబంధం లేదు” అన్న వాక్యం ఇక ఒప్పందంలో రాయడానికి వీల్లేకుండా పోయింది. దుకాణాల లీజుల్లో అంత స్పష్టత ఇప్పటికీ లేదు.

రాసిన కాగితం చెల్లాలి కదా

మన ఊళ్లలో మూడేళ్లకో ఐదేళ్లకో లీజు మాట్లాడుకుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకని బీరువాలో పెట్టేస్తారు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు కావాల్సిందే. కాకపోతే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం అందులోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ప్రధాన షరతులతో సంబంధం లేని పక్క విషయానికే ఆ కాగితాన్ని చూస్తుంది. దానికి ఎంత చిన్న పరిధి ఉందో 2023లో పాల్ రబ్బర్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అంటే సిబ్బంది ప్రవర్తన గురించి లాయరుతో ఎంత పకడ్బందీగా రాయించినా, కాంట్రాక్టర్లనూ వచ్చిపోయేవాళ్లనూ ఎంత జాగ్రత్తగా చేర్చినా, రిజిస్టరు కాని డీడ్‌లో ఆ పేరా ఉన్నా లేనట్టే. వెనక్కి తీసుకునే హక్కు కూడా దాంతోపాటే పోతుంది. మిగిలేది 108వ సెక్షన్ ఇచ్చే కనీస రక్షణ.

అడ్వాన్సు జప్తు చేసుకుంటామన్న షరతు రిజిస్టరైనా గుడ్డిగా పనిచేయదు. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ తగినంత పరిహారాన్నే ఇప్పిస్తుంది. 40 వేల అద్దం పగిలితే 6 లక్షల అడ్వాన్సు ఉంచేసుకుంటానంటే కోర్టు ఒప్పుకోదు.

ఇక వ్యాపారి తను కట్టిన డబ్బును ఆ కుర్రాడి జీతంలో పట్టుకోవచ్చా? చాలామంది చేసేది అదే, చట్టం చాలావరకు ఒప్పుకోనిదీ అదే. కాపాడమని ప్రత్యేకంగా అప్పగించిన సరుకుకు గానీ, లెక్క చెప్పాల్సిన డబ్బుకు గానీ అతని నిర్లక్ష్యం వల్ల నేరుగా నష్టం వస్తేనే వేతనాల చట్టం కోత పెట్టనిస్తుంది. అదీ అతని సంజాయిషీ విన్నాకే. భవనం ఓనరు ఫాల్స్ సీలింగ్‌ను సేల్స్ కుర్రాడికి ఎవరూ అప్పగించలేదు. అప్పగించినా పన్నెండు వేల జీతగాడి దగ్గర నుంచి లక్షలు వసూలయ్యేది లేదు.

ఓనరుకు ఇన్సూరెన్స్ ఉందిలే అని ధీమాగా ఉండడానికీ లేదు. కంపెనీ ఓనరుకు క్లెయిమ్ కట్టాక, ఓనర్ స్థానంలో నిలబడి ఆ డబ్బు కోసం లీజుదారు మీదే దావా వేయగలదు. అందుకే లీజు మాట్లాడుకునే రోజే రెండు పనులు చేయించుకోవాలి. ఓనర్ పాలసీలో లీజుదారు మీదికి రాకుండా ఇన్సూరెన్స్ కంపెనీ ఆ హక్కు వదులుకునే క్లాజు పెట్టించుకోవాలి. పక్క షాపుల నష్టానికి కూడా వర్తించే లయబిలిటీ పాలసీ లీజుదారు తన పేరున తీసుకోవాలి. సిబ్బంది పొరపాటు అందులో కవరవుతుందో లేదో, ఏ తప్పులకు కవరు లేదో సంతకానికి ముందే చదువుకోవాలి. ఉద్యోగుల మోసానికి, దొంగతనానికి విడిగా ఫిడెలిటీ పాలసీ తీసుకోవాల్సి వస్తుంది, మామూలు ఫైర్ పాలసీలో అది రాదు.